ఓపల్‌కి తిండి మప్పిందెవరు

ఓపల్ మనుషుల్ని చూసి తప్పుకోవడం మానేసింది. నా అనుమానం అక్కడ మొదలైంది.

ఓపల్ అంటే పదడుగుల ఆడమొసలి. మా వాగు మలుపులో ఎండకు పడుకుని, కయాక్ అనే సన్నటి తెడ్డుపడవ ముక్కు కనబడగానే నీళ్ళలోకి జారి మాయమయ్యేది. ఇరవై రెండేళ్ళుగా దాన్ని చూస్తున్నాను. అలాంటిది ఈ వేసవిలో పడవలకు ఎదురు రావడం మొదలుపెట్టింది. మొసలి మనిషికి ఎదురొచ్చిందంటే ఎవరో దానికి తిండి మప్పారన్నమాటే. మా ఫ్లోరిడాలో అది నేరం. నేరం మాట అలా ఉంచండి, తిండి మరిగిన మొసలికి చేపకూ చేతికీ తేడా తెలియదు. ఎవరో భయపడి ఫోన్ చేస్తారు, మొసళ్ళు పట్టే హోయ్ట్ వస్తాడు, చంపి తోలు ఒలిచి పట్టుకుపోతాడు. ఇంత పెద్దదాన్ని ఇంకోచోట వదలడమనేది లేదు. ఆ ఫోన్ వెళ్ళేలోగా తిండి పెడుతున్న వెధవను పట్టుకుని మాన్పించాలి, ఓపల్‌ని దక్కించుకోవాలి. నాకున్న పట్టుదల అదొక్కటే.

నా అనుమానమంతా కోల్బీ మీదే. మోకాలి నొప్పితో నేను కయాక్ ఎక్కలేక, జనాన్ని వాగులో తిప్పడానికి మార్చిలో ఆ కుర్రాణ్ణి పెట్టుకున్నాను. అప్పట్నించి నేను రేవులోనే ఉండి, వేటకొచ్చినవాళ్ళ చేపలు శుభ్రం చేసి పెడుతున్నాను. కోల్బీ వచ్చాకే కదా ఓపల్ మారింది? వాడు తిప్పినవాళ్ళకే కదా మొసలి మొహం మీద మొహం పెట్టినట్టు ఫొటోలు? ఇంకేం సాక్ష్యం కావాలి!

సాక్ష్యం కూడా దొరికింది. వాడు భోజనం చేస్తుంటే వాడి ట్రక్కులోకి తొంగిచూశాను. ఇంత సంచీ నిండా మార్ష్‌మాలోలు. తెల్లగా నీళ్ళమీద తేలే ఆ చక్కెర ముద్దలంటే మొసళ్ళు పడిచస్తాయని ఇక్కడ పసిపిల్లకు కూడా తెలుసు.

"ఏమిటోయ్ ఇది?" అన్నాను సంచీ ఎత్తి చూపిస్తూ.

"మా అమ్మాయికండీ, మిస్ వెర్నా."

"మీ అమ్మాయికి ఎన్ని పళ్ళేమిటి? మొసలికున్నట్టు ఎనభయ్యా?"

వాడి చెవులు ఎర్రబడ్డాయి. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు జేబులు రెండూ తిరగేసి చూపించాడు. నేనేమైనా చంటిపిల్లనా నమ్మడానికి? మర్నాడు పొద్దున్న మోకాలికి పట్టీ బిగించుకుని, వాడి వెనకే నేనూ ఒక కయాక్ ఎక్కాను.

ఆ రోజు వచ్చింది ఒహాయో నుంచి ఒక మొగుడూ పెళ్ళాం, వాళ్ళ ఎనిమిదేళ్ళ కూతురు. పిల్ల తల్లితోపాటు ఒకే కయాక్‌లో కూర్చుంది. నేను చెట్టునీ చూడలేదు, కొంగనీ చూడలేదు. గంటసేపు కోల్బీ చేతులే చూశాను. వాడు తెడ్డు తప్ప ఇంకోటి ముట్టుకోలేదు. నేనున్నానని జాగ్రత్తపడుతున్నాడు, ఎంత గడుసువాడో అనుకున్నాను.

మలుపులో ఓపల్ అవతలి గట్టున పడుకుని ఉంది. తండ్రి ఎటో వెనకబడ్డాడు. అందర్నీ దగ్గరకు పిలవడానికి కోల్బీ తెడ్డుతో పడవ అంచుమీద ఠప్ ఠప్ మని రెండు దెబ్బలు కొట్టాడు.

ఓపల్ తలెత్తింది. నీళ్ళలోకి దిగి తిన్నగా మా వైపే వచ్చింది.

నా కయాక్‌ను రాసుకుంటూ పోయింది. చెయ్యి చాపితే అందే దూరంలో ఆ గరుకు వీపు, ఆ పసుపు కన్ను. ఇరవై రెండేళ్ళలో అంత దగ్గరగా దాన్నెప్పుడూ చూడలేదు. అది తల్లీకూతుళ్ళ పడవ పక్కన ఆగి నోరు తెరిచింది. తల్లి నవ్వుతూ ఫొటో తీస్తోంది. పిల్ల వంగి చెయ్యి చాపింది.

"చెయ్యి లోపల పెట్టమ్మా!" అని కోల్బీ అరిచి, తన పడవను అడ్డంగా దూర్చి తెడ్డు మధ్యలో పెట్టాడు. దవడలు తెడ్డుమీద పడ్డాయి. ఫట్ మని తెడ్డు రెక్క విరిగింది. ఓపల్ దాన్ని వదిలేసి మునిగిపోయింది.

రేవుకు చేరాక వాళ్ళను పంపేసి, కోల్బీ మీద విరుచుకుపడ్డాను. "చప్పుడు చేసి పిలిచావు కదరా దాన్ని!"

"జనాన్ని పిలిచానండీ. రెండు దెబ్బలు కొట్టమని నేర్పింది మీరే కదా?"

నేర్పిన మాట నిజమే. అయినా నమ్మబుద్ధి కాలేదు. వాడు లైఫ్ జాకెట్లు ఆరేస్తుంటే, విసురుగా వెళ్ళి చేపల బల్ల దగ్గర నిలబడ్డాను. జెల్లలు కోశాను. తలకాయలూ పేగులూ మూత ఉన్న డబ్బాలో వేశాను. ఒక్క ముక్క వాగులో పడనివ్వను, అది నా నియమం. చివరికి అడుగున అంటుకున్న నెత్తురు జిగురు పోవడానికి బక్కెట్టును బోర్లించి, రేవు అంచుకేసి ఠప్ ఠప్ మని కొట్టి, నీళ్ళలో ముంచాను.

ఓపల్ నా కాళ్ళ కిందే నోరు తెరుచుకుని ఉంది.

మార్చి నుంచి రోజూ సాయంత్రం అదే చప్పుడు, అదే నెత్తురు నీళ్ళు. నేను ఒక్కనాడూ కిందికి చూడలేదు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను ఆ దొంగకోసం పరాయివాడి జేబులు వెతికించాను. సిగ్గుతో చచ్చిపోయాను.

కోల్బీ అంతా చూశాడు. దగ్గరకొచ్చి మెల్లగా అన్నాడు. "రేపట్నించి బక్కెట్టు ఇంటి వెనక కడుగుదామండీ. నేనెవరికీ చెప్పను. అదే మరిచిపోతుంది."

నిన్నటిదాకా నేను కోరుకున్నదీ అదే. కానీ ఆ పిల్ల చాపిన చెయ్యి కళ్ళముందు నుంచి పోవడం లేదు.

"మరిచిపోయేలోపు ఇంకో పిల్ల వస్తుంది నాయనా," అన్నాను. "నిన్ను అన్న మాటలకు నన్ను క్షమించు. ఆ ఫోన్ ఇలా అందుకో."

ఫోన్‌లో హోయ్ట్ రాసుకుంటూ వివరాలు అడిగాడు. ఎన్నడుగులని అడిగాడు. ఎవరు మప్పారో తెలుసా అని అడిగాడు.

"తెలుసు. వెర్నా ప్రూయిట్."

హోయ్ట్ గొంతు తగ్గించి, "పొద్దున్నే వస్తాను వెర్నా. ఎక్కడ వెతకమంటావు?" అన్నాడు.

"వెతకక్కర్లేదు," అన్నాను ఏడుస్తూ. "నేను పిలిస్తే వస్తుంది."