అలారం పనిచేస్తోంది: అవును

బెన్హర్ శవం నర్సీపట్నం చేరేసరికి మధ్యాహ్నం రెండున్నర దాటింది. పదకొండింటికే రావలసిన వ్యాను నక్కపల్లి దగ్గర హైవే మీద లారీల వెనక చిక్కుకుపోయింది. చర్చి వీధిలో వేసిన షామియానా కింద జనం ఎండకి అటూ ఇటూ జరుగుతున్నారు. పొద్దుటి నుంచీ నిలబడి ఉన్న పాస్టరుగారు బైబిలు చంకలో పెట్టుకుని, గోడ నీడలో ఎవరో వేసిన కుర్చీలో కూర్చున్నారు.

వ్యాను ముందు సీట్లోంచి యేసురాజు దిగాడు. బెన్హర్‌కి అన్న, నలభై తొమ్మిదేళ్లవాడు. రెండు రోజులుగా ఒంటి మీద అదే నారింజ రంగు డ్యూటీ డ్రెస్సు. బట్టలు మార్చుకోమని అతనికి ఎవరూ గుర్తు చేయలేదు. అతనికీ తోచలేదు.

పెట్టె దించి బెంచీ మీద పెట్టారు. తల దగ్గర ప్లాస్టిక్కు పొర తీశారు. తల్లి సువర్ణమ్మ కొడుకు ముఖాన్ని రెండు చేతులతో పట్టుకుంది. నుదురు తడిమింది, బుగ్గలు తడిమింది, చెవుల వెనక తడిమింది. ఏడుపు మధ్యలో ఆపేసి పెద్దకొడుకు వైపు తిరిగింది.

“ముకం మీద సిన్న గీత కూడా లేదు కదరా పెద్దోడా. ఏ దెబ్బా లేదు. మరీడెలా సచ్చిపోనాడు?”

 దెబ్బంతా దుప్పటి కింద ఉంది. తమ్ముడి ఛాతీ ఎలా అయిపోయిందో అక్కడున్న వాళ్లలో చూసినవాడు తనొక్కడే.

బెన్హర్ భార్య షర్మిల కాళ్ల దగ్గర కూర్చుని ఉంది. ఐదేళ్ల కూతురు రాచెల్ ఆమె ఒళ్లో నిద్రపోతోంది. షర్మిల బావగారి ముఖంలోకి చూసి ఒక్కమాట అడిగింది.

“ఆ టయానికి మీరెక్కడున్నారు బావగారూ?”

“పక్కనే ఉన్నానమ్మా.”

ఆమె తల ఊపి మళ్లీ భర్త పాదాల మీద చెయ్యి వేసుకుంది. నాలుగున్నరకి సమాధి చేశారు.

* * *

అన్నదమ్ములిద్దరూ సముద్రంలో పనిచేసేవాళ్లు. ముడిచమురు మోసుకొచ్చే పెద్ద ఓడలు రేవులోకి రాలేవు; వాటికి లోతు చాలదు. తీరానికి కొన్ని మైళ్ల దూరంలో సముద్రం అడుక్కి గొలుసులతో బిగించిన ఇనుప బోయా ఒకటి తేలుతూ ఉంటుంది. ఓడ ముందు భాగాన్ని తొడంత లావున్న తాడుతో దానికి కడతారు. నీటి మీద తేలే గొట్టాల గుండా చమురు బోయాలోకి, అక్కడి నుంచి సముద్రం అడుగున వేసిన పైపులో ఒడ్డుకి పోతుంది. ఓడ ఖాళీ అవడానికి రోజున్నర, ఒక్కోసారి రెండు రోజులు పడుతుంది. అంతసేపూ ఆ తాడే ఓడని పట్టి ఉంచాలి. గాలి మారితే ఓడ బోయా చుట్టూ తిరుగుతుంది, అల లేస్తే వెనక్కి లాగుతుంది. ఆ లాగుడు హద్దు మీరితే తాడు తెగుతుంది. అంత లావు నైలాను తాడు బిగువు మీద తెగితే పాములా వెనక్కి కొడుతుంది. ఆ దారిలో ఇనుప కమ్మీ ఉన్నా వంగిపోతుంది.

అందుకే తాడు మీద ఎన్ని టన్నుల లాగుడు పడుతోందో చూపించడానికి ఓడ ముందు భాగంలో ఒక మీటరు పెట్టె పెడతారు. హద్దు దగ్గరపడితే అలారం మోగాలి. అది మోగితే పంపు ఆపాలి, గొట్టాలు విప్పాలి, ఓడని వదిలేయాలి. ఆ పెట్టె దగ్గర ఒక్కో డ్యూటీకి ఇద్దరేసి మనుషులు కాపలా ఉంటారు. అదే యేసురాజు పని. పన్నెండు గంటల డ్యూటీకి ఎనిమిది వందల ఇరవై రూపాయలు. పదేళ్లుగా చేస్తున్నాడు. నర్సీపట్నంలో సెల్‌ఫోన్ల షాపులో నిలబడి పనిచేసే తమ్ముణ్ణి మూడేళ్ల కిందట తనే కాంట్రాక్టరుతో మాట్లాడి తీసుకెళ్లాడు.

పెట్టె పాడై నాలుగు నెలలైంది. మొదట్లో అది ఊరికే మోగేది. మోగినప్పుడల్లా పంపు ఆపాల్సి వస్తోందని ఎవరో దాని వైరు పీకేశారు. తర్వాత తెర మీద అంకెలు కూడా పోయాయి. కొత్తది వస్తుందన్నారు. నాలుగు గంటలకోసారి నింపే చెక్‌లిస్టు కాగితంలో మాత్రం ఆ ప్రశ్న అలాగే ఉంది: ‘మీటరు, అలారం పనిచేస్తున్నాయా?’ ఎదురుగా ‘అవును’, ‘లేదు’ అని రెండు గళ్లు.

అంతకుముందు ఏడాది కూడా ఆ పెట్టె ఒకసారి మూగబోయింది. నాతవరం నుంచి వచ్చి పనిచేసే దేవుళ్లు అప్పుడు ‘లేదు’ అన్న గడిలో టిక్కు పెట్టాడు. ఆ నెలాఖరుకి అతని గేటు పాసు రెన్యువల్ కాలేదు. కారణం ఎవరూ చెప్పలేదు. పెట్టెకి ఏదో అతుకు వేసి నడిపించారు. ఆ తర్వాత అందరూ ‘అవును’ గడిలోనే పెట్టసాగారు. యేసురాజు కూడా.

బెన్హర్ పోయిన రోజు అన్నదమ్ములిద్దరూ ఒకే డ్యూటీలో ఉన్నారు. మధ్యాహ్నం నుంచి సముద్రం లేచింది. మూడున్నరకి ఓడ ముక్కు పైకి లేచి పడుతోంది. తాడు నీళ్లలోంచి బిర్రుగా లేచి, చుక్కలు కార్చి, మళ్లీ మునుగుతోంది. యేసురాజు వాకీటాకీలో చెప్పాడు: “సార్, అలలు ఎక్కువున్నాయండి. తాడు బాగా లాగుతోందండి.”

“ఎన్ని టన్నులు?” కంట్రోల్ రూం నుంచి గొంతు అడిగింది.

“మీటరు లేదు కదండి.”

వాకీటాకీ గరగరమంది. తర్వాత, “ఇంకో మూడు గంటల్లో అయిపోతుంది. అంతవరకూ కాయండి. తాడు ఒరుసుకుంటోందేమో ముందుకెళ్లి చూసి చెప్పండి.”

మీటరు ఉంటే మనిషి వెళ్లి చూడాల్సిన పని లేదు. యేసురాజు లేవబోయాడు. బెన్హర్ అతని భుజం పట్టుకుని కూర్చోబెట్టాడు.

“నీ మోకాలు బాగోలేదు గదన్నా. తడి మీద జారిపోతావు. నానెల్తాను.”

పది అడుగులు వేశాడో, పన్నెండు వేశాడో. తుపాకీ పేలినట్టు చప్పుడైంది. యేసురాజు తల ఎత్తి చూసేసరికి ఓడ ముందు తాడు లేదు. తమ్ముడు మధ్యలో ఉన్న ఇనుప స్తంభం దగ్గర కూర్చున్నట్టుగా పడి ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి.

* * *

ఐదో రోజు పొద్దున్న కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరు సూర్యప్రకాష్ కారులో వచ్చాడు. ముప్ఫై ఐదేళ్లుంటాయి. ఇంట్లోకి వచ్చి సువర్ణమ్మకి దణ్ణం పెట్టాడు. నీళ్లిస్తే తాగాడు. తర్వాత ఫైలు తెరిచి ఒక కాగితం యేసురాజు ముందు పెట్టాడు.

“ఎల్లుండి ఎంక్వయిరీ ఉందన్నా. నువ్వొక్కడివే సాక్షివి. ఇది సంతకం చేసేస్తే, అమ్మగారికి, షర్మిలకి రావలసిన నష్టపరిహారం త్వరగా వచ్చేలా నేను చూస్తాను.”

“ఇలాగివ్వండి. నాను సదువుతాను,” అంది షర్మిల గుమ్మంలోంచి.

ఆమె ఆర్డీవో ఆఫీసు ఎదురుగా జిరాక్సు షాపులో టైపు చేస్తుంది. ఏజెన్సీ కొండల నుంచి వచ్చేవాళ్లకి, చుట్టుపక్కల రైతులకి అర్జీలు రాసి పెడుతుంది. కాగితం చదవడం ఆమెకి కొత్త కాదు. నిలబడే, పైకి చదివింది.

“‘ప్రమాద సమయంలో అలారం మోగినది. ముందుకు వెళ్లవద్దని నేను హెచ్చరించితిని. బెన్హర్ నా మాట వినక, ఎవరి ఆదేశమూ లేకుండా, తన నిర్లక్ష్యముతో ప్రమాద ప్రాంతములోకి వెళ్లినాడు.’”

కాగితం కిందికి దించింది. “అలారం మోగిందా బావగారూ?”

“అమ్మా, ఆ భాష ఇన్సూరెన్సు వాళ్ల కోసమమ్మా...” అన్నాడు సూర్యప్రకాష్.

“నాను బావగార్ని అడుగుతున్నానండి.”

యేసురాజు నేల వైపు చూస్తూ, “మోగలేదమ్మా,” అన్నాడు. “పాడైపోయి నాలుగు నెల్లయింది.”

సూర్యప్రకాష్ నిట్టూర్చాడు. ఫోను తీసి ఒక ఫొటో తెరిచి యేసురాజుకి చూపించాడు. చెక్‌లిస్టు. ప్రమాదం జరిగిన రోజు, మధ్యాహ్నం పన్నెండు గంటలది. ‘అలారం పనిచేస్తోంది: అవును.’

“మోగలేదని నువ్వు చెప్తే, మొదట వాళ్లు తీసేది ఇదే అన్నా. పనిచేస్తోందని రాసిందెవరు అంటారు. కొత్త పెట్టె మర్నాడే బిగించేశారు, అది చక్కగా మోగుతోంది. కాగితం మీద మిగిలింది నువ్వే. నీ మంచికే చెప్తున్నాను. నాకు మాత్రం సంతోషమా? పైనుంచి గంటకో ఫోను.”

షర్మిల ఫోను అతని చేతిలోంచి తీసుకుంది. రెండు వేళ్లతో బొమ్మ పెద్దది చేసింది. టిక్కు పక్కన సంతకం కనబడింది. ‘య’ కింద పొడుగ్గా గీత. చర్చిలో తన పెళ్లి రిజిస్టరులో సాక్షిగా పెట్టింది కూడా ఆ సంతకమే.

“ఇది మీదేనా?”

“నాదేనమ్మా.”

“పనిసేయట్లేదని తెలిసే పెట్టారా?”

అతను తల ఊపాడు. షర్మిల ఫోను బల్ల మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. తలుపు మెల్లగానే వేసింది.

సూర్యప్రకాష్ కాగితం అక్కడే వదిలి వెళ్లాడు. కారు వీధి మలుపు తిరిగే వరకూ మాట్లాడని సువర్ణమ్మ, అప్పుడు కొడుకు దగ్గరికొచ్చి కూర్చుంది. ఆమెకి అంతా అర్థం కాలేదు. జైలు అన్న మాట ఎవరూ అనకపోయినా అది మాత్రం అర్థమైంది.

“సంతకం ఎట్టీరా నాయనా. ఆడెలాగూ రాడు. నువ్వు కూడా ఎల్లిపోతే నాకింకెవరున్నారు?”

“తమ్ముడు నిర్లక్ష్యంగా సచ్చిపోనాడని రాసారమ్మా అందులో.”

“రాసుకోనీరా. ఆడేటి సదువుతాడా ఇప్పుడు?” అని కొడుకు చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

ఆ సాయంత్రం యేసురాజు ఆటోస్టాండుకి వెళ్లాడు. గేటు పాసు పోయాక ఆటో నడుపుకుంటున్న దేవుళ్లు, నాతవరం వెళ్లే జనం నిండడం కోసం చూస్తున్నాడు. సమాధి దగ్గర మట్టి వేసినవాళ్లలో అతనూ ఉన్నాడు, కానీ అప్పుడు మాట్లాడుకోలేదు. జరిగింది విని ఆటో హ్యాండిలు మీద చేతులు ఆనించాడు.

“నువ్వు లేదని రాసావు. నానవునని రాసాను,” అన్నాడు యేసురాజు. “నువ్వు బతికున్నావు. నా తమ్ముడు సచ్చిపోనాడు.”

“అలాగనకన్నా. నాను రాసినందుకు నన్ను తీసీసారు గాని, పెట్టె సరిగ్గా బాగుసేసారేటి? సేయలేదు. మనం పదిమందిమున్నాం. నానొక్కణ్ణే రాసాను. పదిమందిమీ లేదని రాసుంటే ఎవులతో కాపలా పెట్టించీవోరు?” మాట గట్టిగా వచ్చేసిందని అతనికే అనిపించింది. గొంతు తగ్గించాడు. “నిన్ననట్లేదన్నా. ఆ రోజు నా మీదా ఓ ఇల్లు ఆధారపడుంటే నానూ అవుననే రాసీవోణ్ణేమో.”

ఆటో నిండింది. యేసురాజు నడిచి ఇంటికి వచ్చాడు. షర్మిల అతనికి అన్నం వడ్డించింది. నీళ్లు పెట్టింది. మాట మాత్రం లేదు. మర్నాడూ అంతే.

* * *

ఎంక్వయిరీ నాడు పొద్దున్నే షర్మిల షాపుకి వెళ్లింది. వారం దాటితే ఇంకొకరిని పెట్టుకుంటానని షాపు ఓనరు కబురు చేశాడు. తొమ్మిదింటికి యేసురాజు వెళ్లి జిరాక్సుల వాళ్ల వెనక నిలబడ్డాడు. అతని వంతు వచ్చింది. ఆమె తలెత్తి చూసింది.

జేబులోంచి సూర్యప్రకాష్ ఇచ్చిన కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. సంతకం చోటు ఖాళీగానే ఉంది.

“దీని మీద నాను సంతకం పెట్టనమ్మా. పెట్టనని ఆడికి ఫోన్లో సెప్పీసాను. ఇంకోటి రాయాలి. ఎంక్వయిరీ ఆఫీసరుగారికి. పదకొండింటి బస్సుకి ఎల్తాను.”

షర్మిల ఆ కాగితాన్ని పక్కకి జరిపింది. తర్వాత స్టూలు అతని వైపు తోసింది. కీబోర్డు దగ్గరికి లాక్కుంది.

అతను చెప్పాడు. ఆమె కొట్టింది. పేరు, తండ్రి పేరు, ఊరు, ఎన్నేళ్ల నుంచి పని. పెట్టె ఎప్పుడు పాడైంది, వైరు పీకేసి ఉండడం, దేవుళ్లుని తీసేయడం. అలలు ఎప్పుడు లేచాయి, వాకీటాకీలో ఏం చెప్పారు. వెనక బెంచీ మీద, కొండ మీద నుంచి పట్టా కాగితాలతో వచ్చిన ముసలాయన తన వంతు కోసం ఓపిగ్గా చూస్తున్నాడు.

“అలారం పనిసేయట్లేదని నాకు తెలుసు,” అన్నాడు యేసురాజు. “తెలిసే అవునని టిక్కు పెట్టాను.”

ఆమె వేళ్లు ఆగిపోయాయి. తెర వైపే చూస్తోంది. పెదవులు బిగించుకుంది.

“రాయమ్మా,” అన్నాడతను.

ఆమె రాసింది. చివర చుక్క పెట్టింది. రెండు రోజుల తర్వాత మొదటిసారి అతనితో మాట్లాడింది.

“ఎన్నిసార్లు పెట్టారు?”

“నాలుగు నెల్లు. డ్యూటీలో ఉన్న పెతిసారీ.”

అదీ రాసింది. తర్వాత తలెత్తి సూటిగా అతని ముఖంలోకి చూసింది.

“ఆయన ఎల్తానన్నప్పుడు మీరేటన్నారు బావగారూ?”

ఆ ప్రశ్న ఎంక్వయిరీలో ఎవరూ అడగరని అతనికి తెలుసు. అది కాగితంలో అవసరం లేదని కూడా తెలుసు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని చెప్పాడు.

“‘బేగి సూసొచ్చీరా, టీ సల్లారిపోద్ది’ అన్నానమ్మా.”

షర్మిల కళ్లు తుడుచుకోలేదు. కీబోర్డు మీదికి వంగి, ఆ మాట అలాగే, ఒక్కొక్క అక్షరమే కొట్టడం మొదలుపెట్టింది.