తూర్పున నలభై రెండు గ్రాములు

త్రాసులు బాగుచేసే ఆ కొట్లో తండ్రీకూతుళ్లిద్దరే పనివాళ్లు. బజారంతా తండ్రిని గ్రాముగారు అనేది, కూతుర్ని చిన్నగ్రాము అనేది. ఎదుటపడితే మర్యాదగానే, వెనకాల మాత్రం నవ్వుకుంటూ. ఆ నవ్వు సంగతి గ్రాముగారికి తెలుసు, తెలిసీ గర్వపడేవారు. గ్రాము తేడా వస్తే గంటసేపు పోట్లాడే మనిషికి ఇంకేం పేరు పెడతారు?

కూతురికి ముప్పై నాలుగేళ్లు. పదకొండేళ్లుగా ఆ బల్ల దగ్గరే పని. మందుల షాపువాళ్ల సున్నితపు త్రాసైనా, గోదాములో బస్తాలు తూచే పెద్ద కాటా అయినా విప్పి, తుడిచి, సరిచేసి బిగించేస్తుంది. కానీ పని అయ్యాక గ్రాముగారు కుర్చీలోంచి లేచి వచ్చి, కళ్లు సగం మూసుకుని, రెండు వేళ్లతో పళ్లేన్ని తాకి చూస్తే తప్ప ఏ త్రాసూ గడప దాటేది కాదు. "ఆఖరి చెయ్యి నాది" అనేవారు. ఆ రెండు వేళ్లు ఆమె పనిలో తప్పు పట్టుకుని తొమ్మిదేళ్లయింది. అయినా రోజూ లేచి వచ్చేవారు.

కొట్టు లైసెన్సును ఐదేళ్లకోసారి తిరిగి రాయించుకోవాలి. ఫారంలో రెండు గళ్లుంటాయి: పనిచేసే మెకానిక్ పేరు, ఆఖరి తనిఖీ చేసేవారి పేరు. మొదటి గడిలో కూతురు, రెండో గడిలో తండ్రి. ఇప్పటికి రెండుసార్లు అలాగే వెళ్లింది. ఇప్పుడాయనకు డెబ్బై నిండుతున్నాయి. కొత్త ఫారం నెలరోజులుగా సొరుగులో ఖాళీగా పడుంది, వచ్చే శుక్రవారంతో గడువు తీరుతుంది. ఆ రెండో గడి తనకు కావాలని చిన్నగ్రాము ఎవరితోనూ అనలేదు. అడిగి పుచ్చుకుంటే అది ముష్టి అవుతుందని ఆమె పట్టుదల. లోపల మాత్రం, ఆకలేసినవాడికి అన్నం కావాలన్నంత గట్టిగా ఆ గడి కావాలనే ఉంది.

టెలిస్కోపు గొడవ ఆ చలికాలంలోనే మొదలైంది. ఎవరో వాడి వదిలేసిన చిన్న టెలిస్కోపును, దాన్ని మోసే మౌంటునూ ఆమె కొనుక్కొచ్చింది. మౌంటంటే మూడు కాళ్ల స్టాండు మీద కూర్చున్న తిరుగుడు యంత్రం. భూమి ఒకవైపు తిరుగుతుంటే అది రెండోవైపు అంతే నెమ్మదిగా తిరిగి, టెలిస్కోపు చూపును ఒకే చుక్క మీద నిలబెట్టాలి. ఆమె కొన్నది నేర్చుకునేవాళ్ల కోసం చేసిన చవకరకం. గాలివాటు మాటలు నమ్మే మనిషి కాదు కాబట్టి అది ఎంత చవకరకమో ఆమెకు ముందే తెలుసు. అయినా దాంతోనే ఫొటో తీసి చూపిస్తానంది.

"ఆకాశాన్ని తూచి ఎవరికి అమ్ముతావే?" అన్నారు గ్రాముగారు.

"కొనేవాళ్లు దొరక్కపోతే ఇంట్లోనే వాడుకుందాంలే నాన్నా."

ఆయన నవ్వి ఊరుకునేవారే. కానీ మేడ మీదికి వచ్చి ఆ యంత్రాన్ని చూడగానే ఆయన ముఖం మారిపోయింది. ఒక చివర టెలిస్కోపు, రెండో చివర రాడ్డుకు గుచ్చిన ఎదురు బరువు, మధ్యలో ఇరుసు. "ఇది త్రాసే కదే" అన్నారు. అంతే, ఆ సాయంత్రం నుంచి మౌంటు కూడా కొట్లోని సరుకే అయింది. రోజూ చీకటి పడగానే మఫ్లరు చుట్టుకుని మేడెక్కేవారు. ఎదురు బరువును వెంట్రుకవాసి అటూ ఇటూ జరిపి, రెండు వేళ్లతో తాకి, వదిలిన చోటే అది నిలబడేదాకా చూసి, "ఇక తీసుకో" అని దిగిపోయేవారు. అంత నిఖార్సైన తూకం ఆ మౌంటును చేసినవాళ్లు కూడా కలలో కని ఉండరు.

ఫొటోలు మాత్రం దరిద్రంగా వచ్చాయి. గొల్లకావడి అనే మూడు చుక్కల కింద, కంటికి మసకగా కనిపించే వాయువుల మబ్బు ఒకటుంది. అది తూర్పున పైకి లేస్తుండగా నిమిషానికొకటి చొప్పున వంద ఫొటోలు తీసి, కంప్యూటర్లో ఒకదానిమీద ఒకటి పేరిస్తే దాని రంగులు బయటపడతాయి. అయితే ఆ వందలోనూ చుక్కలు ఆవగింజల్లా గుండ్రంగా ఉండాలి. ఆమెకు సగానికి సగం జీలకర్ర వచ్చేది. రెండు ఫొటోలు బాగుంటే మూడోదాంట్లో చుక్కలు సాగిపోయేవి, ఒక్కోసారి తోక కూడా మొలిచేది.

చిన్నగ్రాముకు దిగులనే జబ్బు లేదు. తప్పంటూ ఉంటే అది ఎక్కడో ఒకచోట ఉంటుంది, ఉన్నది దొరక్క ఎక్కడికి పోతుందన్నది ఆమె ధోరణి. ఇరుసును ధ్రువనక్షత్రానికి మళ్లీ గురిపెట్టింది. మూడు కాళ్లనూ బిగించింది. తీగలు లాగకుండా కట్టేసింది. ఒక్కో రాత్రికి ఒక్కో అనుమానం చొప్పున కొట్టేస్తూ పోయింది. బ్యాలెన్సును మాత్రం అనుమానించలేదు. అది నాన్న చెయ్యి మరి. పైగా పదకొండేళ్లుగా సరితూకమే న్యాయమని నేర్చుకున్న మనిషికి, సరితూకమే తప్పు కావచ్చని ఎలా తడుతుంది?

ఒక సాయంత్రం నడుముకు వేలాడే కొట్టు తాళాల గుత్తి మాటిమాటికీ స్టాండు కాలికి తగులుతుంటే, విసుగొచ్చి తీసి ఎదురు బరువు రాడ్డు చివర తగిలించి మరిచిపోయింది. ఇరవై ఫొటోలు తీసింది. ఇరవైలోనూ ఆవగింజలే. సంబరపడి, గుత్తి కనిపిస్తే తీసి జేబులో వేసుకుంది. తరవాతి ఇరవైలో పదకొండు జీలకర్ర.

ఆమె అక్కడే చతికిలబడి కూర్చుని ఆలోచించింది. మళ్లీ తగిలించింది, మళ్లీ తీసింది. మూడుసార్లు అలా చూశాక సంగతి తేటతెల్లమైంది. చవక మౌంటులో పళ్లచక్రాలకు మధ్య కాస్త సందు ఉంటుంది. తూకం మరీ సరిగ్గా ఉంటే పన్ను ఏ పక్కకూ ఆనకుండా ఆ సందులో ఊగుతుంది, చిన్న గాలి తగిలినా టెలిస్కోపు ఉలిక్కిపడుతుంది. ఎదురు బరువు రాడ్డున్న తూర్పువైపు కొంచెం బరువు ఎక్కువుంటే మోటారు ఎప్పుడూ ఎత్తుతూనే ఉంటుంది, పన్ను పన్నుకు ఆనుకునే ఉంటుంది. త్రాసుకు ప్రాణమైన స్వేచ్ఛే ఈ యంత్రానికి పీడ. మర్నాడు గుత్తిని తూచింది. నలభై రెండు గ్రాములు.

దొరికిందన్న ఆనందం నాన్న గుర్తు రాగానే సగమైంది. నలభై ఐదేళ్లుగా త్రాసులు సరిచేస్తున్న చేతిని పట్టుకుని నీ తూకం తప్పని చెప్పాలి. అదీ ఫారం ఖాళీగా ఉన్న వారంలో.

చెప్పలేదు. ఆ సాయంత్రం ఆయన ఎప్పటిలాగే బ్యాలెన్సు చూసి దిగిపోయాక గుత్తి తగిలించింది. మర్నాడూ అంతే. వంద ఫొటోలూ పనికొచ్చాయి. పేరిస్తే ఆ మబ్బు గులాబీ రంగు రెక్కలు విప్పి, నడుమ తెల్లటి మంటతో, అంచుల్లో నీలం పొగతో నిలబడింది. చూసి ఆమెకు కళ్లు చెమర్చాయి. తన చేత్తో తీసిన ఫొటో అది.

గ్రాముగారు దాన్ని అచ్చు వేయించి కొట్లో లైసెన్సు పక్కన తగిలించారు. వచ్చినవాడికల్లా చూపించారు. "అమ్మాయి తీసింది. బ్యాలెన్సు నాది" అనేవారు. ఆ మాట విన్నప్పుడల్లా అమ్మాయి తేలు కుట్టిన దొంగలా తలవంచుకుని స్క్రూలు తిప్పేది.

మూడోనాటి రాత్రి మేడ మీదికి టీ తెచ్చిన తల్లి గుత్తి తగిలిస్తుండగా చూసింది. సంగతి విని గ్లాసు గోడ మీద పెట్టింది.

"శుక్రవారం దాకా నోరు కట్టుకోవే. మీ నాన్న పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ముందు సంతకం కానీ, నాలుగో కాలు తరవాత చూపిద్దువుగాని."

"అలా దాచడం బాగుంటుందా అమ్మా?"

"బాగుండదు. కానీ పనవుతుంది."

బుధవారం ఒక ఎండుపళ్ల వ్యాపారి తన త్రాసు తెచ్చాడు. తూకం తేలిగ్గా పోతోందని గిరాకీలు గోల పెడుతున్నారట, ఏదో అరుగుదల అయి ఉంటుందన్నాడు. గ్రాముగారు పళ్లేన్ని తాకి, తిరగేసి చూశారు. అడుగున మైనంతో అంటించిన సీసపు ముక్క. వ్యాపారి నాలుక కరుచుకుని, కొట్లో కుర్రాడెవడో చేసి ఉంటాడని నసిగాడు.

"బరువు తేడా రావడం తప్పు కాదు బాబూ. ఇనుమన్నాక అరుగుతుంది, తుప్పు పడుతుంది, దానికే నేనున్నాను. కానీ ఇది అరిగింది కాదు, దాచింది. ఈ త్రాసు నేను ముట్టను, తీసుకెళ్లు" అన్నారు గ్రాముగారు.

ఆయన గొంతు కూడా పెంచలేదు. పక్కనే ఉన్న చిన్నగ్రాముకు మాత్రం చెంప చెళ్లుమన్నట్టయింది. తన నడుముకున్న గుత్తి ఆ సీసపు ముక్కకు చుట్టమేనని ఆమెకు బోధపడింది. సిగ్గేసింది. సిగ్గు వెనకే, ఇక చాలు అనిపించింది. ఫారం పోతే పోనీ అనుకుంది. అనుకున్నాక ఆమెకు రెండో ఆలోచన ఉండదు.

ఆ సాయంత్రం ఆయన బ్యాలెన్సు చూసి మెట్లవైపు తిరిగారు.

"నాన్నా, వెళ్లకు. ఒక మాట చెప్పాలి."

"ఏం, తేడా ఉందా?"

"లేదు. లేకపోవడమే తంటా." ఆయన చూస్తుండగానే గుత్తి తీసి రాడ్డుకు తగిలించింది. "నాలుగు రోజుల నుంచి నువ్వు దిగాక ఇది తగిలిస్తున్నాను. కొట్లో ఉన్న ఫొటోకి బ్యాలెన్సు నీది కాదు."

గ్రాముగారు వంగి గుత్తిని దగ్గరగా చూశారు. తరవాత, "తియ్యి. అలాగే ఫొటోలు తియ్యి, చూస్తాను" అన్నారు. గుత్తి లేకుండా పది తీసింది. ఉండగా పది తీసింది. ఆ ఇరవై నిమిషాలూ ఆయన చలిలో నిలబడే ఉన్నారు. కళ్లజోడు పెట్టుకుని స్క్రీను మీద ఇరవై ఫొటోలనూ ఒక్కొక్కటిగా చూశారు. ఆమె పళ్లచక్రాల సంగతి చెప్పింది. ఆయన టెలిస్కోపును వేలితో రవ్వంత కదిపి, ఆ సందు ఎక్కడుందో తాకి తెలుసుకున్నారు.

"ఈ లూజు మొదటిరోజే నా వేలికి తెలిసింది. చవక సరుకులే అని వదిలేశాను" అన్నారు. "తప్పు నాది. అది సరే. నువ్వెందుకు దాచావు?"

"ఫారం ఉంది కదా నాన్నా. శుక్రవారం."

"చెబితే కోపమొచ్చి నీ పేరు రాయననుకున్నావు."

"అనుకున్నాను."

ఆయన మఫ్లరు మరోసారి చుట్టుకున్నారు. "రాసేవాణ్ని కాదేమో" అని, మెట్లు దిగి వెళ్లిపోయారు.

ఆ మాట ఆమెను గట్టిగానే తాకింది. కానీ నాలుగు రోజులుగా దాచుకున్నదేదీ ఇప్పుడు లేదు. ముక్కు తుడుచుకుని, గుత్తి సరిచూసుకుని, ఇంకో అరవై ఫొటోలు తీసింది. అరవైకి అరవై బాగా వచ్చాయి.

గురువారం ఇద్దరూ పనిమాటలే మాట్లాడుకున్నారు. గ్రాముగారు తాకాల్సిన త్రాసులను తాకారు గానీ, ఒక్కోదాని దగ్గర కాస్త ఎక్కువసేపే ఆగారు. శుక్రవారం ఉదయం సొరుగు లాగి, ఫారం తీసి, ఒంటిగంట దాకా తలెత్తకుండా నింపారు. నింపాక దాన్ని బల్ల మీదుగా ఆమె ముందుకు తోశారు.

మొదటి గడిలో, పనిచేసే మెకానిక్ అన్నచోట, ఆయన తన పేరు రాసుకున్నారు. రెండో గడిలో కూతురి పేరు రాశారు.

"నాన్నా, గళ్లు తారుమారయ్యాయి."

"కాలేదు." ఆయన కిటికీలోంచి వీధిలోకి చూస్తున్నారు. "నలభై ఐదేళ్లలో నా చెయ్యి తప్పిందని చెప్పినవాళ్లు లేరమ్మా. తప్పలేదనుకున్నాను. చెప్పడానికి నువ్వే నాలుగు రోజులు భయపడ్డావంటే, బజారులో వాళ్లేం చెబుతారు? రేపటినుంచి నా పని నువ్వు చూడు. తప్పుంటే అప్పటికప్పుడు చెప్పు."

ఆమె ఆ రెండు గళ్లనూ మళ్లీ చూసింది. పదకొండేళ్లు కోరుకున్నది ఇంతకన్నా చిన్నదే. రెండో గడి ఇస్తే చాలనుకుంది గానీ, ఆయన తన చేతిని తెచ్చి ఆమె చేతికింద పెడతారని ఊహించలేదు. కళ్లు తుడుచుకుని కలం తీసింది. మళ్లీ ఆగి, తనిఖీ చేసేవాళ్లు చదవాల్సినట్టే ఫారమంతా పైనుంచి కిందిదాకా వేలుపెట్టి చదివింది.

"నీ పుట్టిన సంవత్సరం తప్పు రాశావు నాన్నా. ఒక ఏడాది చిన్నవాడివయ్యావు."

గ్రాముగారు కళ్లజోడు సర్దుకుని, ఫారం దగ్గరికి లాక్కుని, ఆ అంకె చూశారు. కొట్టేసి సరిదిద్ది మళ్లీ ఆమె వైపు జరిపారు. ఆమె ఇంకోసారి చదివి, సంతకం పెట్టింది.