ఒరలో పెట్టని కత్తి

ఆ ఇంట్లో పదునున్న ప్రతి వస్తువుకీ ఒక ఒర ఉంటుంది. కూరల కత్తికి, కత్తెరకి, చివరికి దబ్బనానికి కూడా. అన్నీ మామగారు కుట్టినవే. ఆయన జీవితమంతా పుస్తకాలు బైండింగు చేసిన మనిషి. మిగిలిన అట్టముక్క, గుడ్డపీలిక పారేయడానికి చేతులు రావు.

"వీలుంటే మా నాన్న నీ నోటికి కూడా ఒకటి కుడతారు," అని భర్త ఆటపట్టిస్తే, "ముందు మీ గురకకి కుట్టించుకోండి," అనేది కోడలు.

కత్తి చేతిలోనైనా ఉండాలి, ఒరలోనైనా ఉండాలి. మూడో చోటు లేదు. మామగారు ఇంట్లో పెట్టిన నియమం అదొక్కటే.

ఆదివారం పొద్దున ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు కోడలు ఆయన బల్ల దగ్గరే కూర్చుని, కూతురికి ఇంగ్లీషు మాటల కార్డులు తయారుచేసింది. ఒక్కచోట నిలవదని ఆ పిల్లని అందరూ పిచ్చుక అంటారు. అట్ట దళసరిగా ఉంది, కత్తెరకి లొంగలేదు. మామగారి కత్తి ఒరలోంచి తీసి, దానితో కోసింది. చివరి కార్డు మీద 'షీద్' అన్న మాట ఇంగ్లీషులో రాసి, వెనకవైపు అర్థం రాసింది: కత్తిని ఒరలో పెట్టడం. ఇంతలో వంటింట్లోంచి పాలు మాడిన వాసన వచ్చింది. అన్నీ అలాగే వదిలేసి పరుగెత్తింది.

ఆమె పొయ్యి తుడుస్తుండగా మామగారి కేక వినబడింది. స్నానం చేసి వచ్చి బల్ల మీది గుడ్డముక్కలు సర్దబోయిన ఆయనకి, వాటి కింద ఉన్న కత్తి కనిపించలేదు. కుడి అరచెయ్యి తెగింది. కుట్లు పడ్డాయి.

ఆస్పత్రి నుంచి వచ్చి కుర్చీలో కూలబడి, "రాత్రి పని ఆపేటప్పుడు ఒరలో పెట్టాననే గుర్తు," అన్నారాయన. "పెట్టలేదన్నమాట. నా మతి పోతోందిరా."

మంచినీళ్ళ గ్లాసుతో నిలబడిన కోడలు నోరు తెరిచింది. ఈలోగా భర్త అందుకున్నాడు. "ఇక చాలు నాన్నా. కళ్ళా సరిగ్గా ఆనవు. ఆ బైండింగు సామానంతా ఎవరికైనా ఇచ్చేద్దాం."

మామగారు కాదనలేదు. ఆమె గ్లాసు అందించి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఆయన ప్రతిదానికీ అడగడం మొదలుపెట్టారు. "పంపు కట్టేశానా అమ్మాయ్? మాత్ర వేసుకున్నానా?" అన్నీ చేసే ఉండేవారు. "వేసుకున్నారు మామయ్యగారూ," అన్న ప్రతిసారీ ఆమె అసలు మాటని మర్నాటికి వాయిదా వేసేది. ఇవాళ చెబితే, నిన్నెందుకు చెప్పలేదన్న ప్రశ్న కూడా తోడవుతుంది. రేపటికి అది ఇంకాస్త పెద్దదవుతుంది.

బుధవారం సాయంత్రం భర్త ఒక పెద్ద అట్టపెట్టె తెచ్చి సామాను సర్దడానికి కూర్చున్నాడు. కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని మామగారు చూస్తున్నారు. మర్నాడు బళ్ళో టీచరు మాటలు ఒప్పజెప్పించుకుంటుందని కోడలు అక్కడే కార్డులు పట్టుకుని పిచ్చుకని అడుగుతోంది.

"షీద్. అర్థం చెప్పు."

"కత్తిని ఒరలో పెట్టడం."

"యుద్ధం కత్తేనా?"

"ఏ కత్తైనా. పిల్లి గోళ్ళు లోపలికి లాక్కున్నా అదే మాట. పాతకాలం మాటమ్మా ఇది, నీలాగే."

"నా సంగతి తర్వాత. వాడుక చెప్పు."

పిచ్చుక ఇంగ్లీషులో ఒక వాక్యం గడగడా చెప్పేసి, తాతయ్యకి కూడా తెలియాలని తెలుగులో అంది: "తాతయ్య కత్తిని ఒరలో పెట్టడం మర్చిపోయాడు."

భర్త చేతులు ఆగాయి.

"సరిగ్గానే చెప్పావే తల్లీ," అన్నారు మామగారు. "టీచరుకి అదే చెప్పు."

పిల్ల వాక్యంలో చిన్న పొల్లు తేడా ఉన్నా ఊరుకోని మనిషి కోడలు. పిచ్చుక ఆమె మొహంలోకే చూస్తోంది.

"తప్పు," అంది కోడలు.

"ఎక్కడా?"

"మర్చిపోయింది తాతయ్య కాదు. నేను." ఆమె మామగారి వైపు తిరిగింది. "మీరు స్నానంలో ఉన్నప్పుడు కార్డులు కోశాను. పాలు మాడుతుంటే కత్తి అలాగే వదిలేసి పోయాను. మీరు రాత్రి ఒరలోనే పెట్టారు మామయ్యగారూ. నేనే తీశాను."

"మరి ఆ రోజే చెప్పడానికేం?" అన్నాడు భర్త.

ఆమె చేతిలోని కార్డులు దొంతిగా పేర్చి పక్కన పెట్టింది.

మామగారు చేతికున్న కట్టు వైపు చూసుకున్నారు. "చేతిదేముంది, మానుతుంది. రోజూ పడుకున్నాక మీ అందరి పేర్లూ వరసగా తలుచుకుంటున్నాను. ఏదైనా మర్చిపోయానేమోనని."

క్షమించమనే మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చి, మరీ చిన్నదిగా తోచి ఆగిపోయింది.

"పెట్టెలోవి పైకి తియ్యరా," అన్నారాయన కొడుకుతో.

పెట్టెలో కత్తి ఒక మూల, ఒర ఒక మూల ఉన్నాయి. కోడలు కత్తిని ఒరలో పెట్టి, పిడి ఆయన వైపు ఉండేలా రెండు చేతులతో చాపింది. ఆయన ఎడమ చెయ్యి బాగానే ఉంది. కానీ అది ఒళ్ళోంచి కదల్లేదు.

"బల్ల మీద పెట్టు," అన్నారు. ఎప్పటిలా 'అమ్మాయ్' అనలేదు.