గుర్రం పరీక్ష

తప్పు నాదే అంటారా? అనుకోండి. ఇరవై ఏండ్లు కలెక్టరు కచేరీలో శిరస్తాదారుగా గుమాస్తాలందరి మీదా పెత్తనం చేసినోణ్ణి, ఇట్లాంటి మాటలు శానా విన్నాను.

నలభైమూడులో, చిత్తూరులో సంగతి. ఒక తహసీల్దారు ఉద్యోగం ఖాళీ పడింది. ప్రమోషన్ల వరసలో ముందుండేది జయరావు. కిరస్తానీ మనిషి, యాభై దాటినోడు, పొట్ట ముందుకొచ్చినోడు. ఇరవై ఎనిమిదేండ్ల నౌకరీలో ఒక్క కాగితం తప్పు రాయలేదు. వాని వెనక మా అల్లుడు గంగాధరం. ఆ వరస కాగితం నా బీరువాలో తప్ప యాడా ఉండదు. "గోడకు అంటించండి సామీ, అందరం చూసుకుంటాము" అని గుమాస్తాలు గోల పెడితే, "గోడకు అంటించేది నాటకం కాగితాలురా" అని తరిమినాను.

ఇంట్లో మా ఆడమనిషి చంద్రకాంతమ్మ ఊరుకుంటాదా? "అల్లుడు గుమాస్తాగానే ముసిలోడైపోవాల్నా?" అని అన్నం పెట్టినప్పుడల్లా అదే పాట.

ఒకనాడు జయరావు నా బల్ల ముందరికి వచ్చి చేతులు కట్టుకొని నిలబడినాడు. "అయ్యా, ఈసారన్నా నాకు వస్తాదంటారా?" అన్నాడు. ఆ మెత్తని గొంతు వింటేనే నాకు ఒళ్ళు మండుతాది.

"వస్తాది. అయితే ఖాయం చేసే ముందు గుర్రం పరీక్ష పెడతారే!" అన్నాను. నోటికొచ్చింది, అనేసినాను.

తహసీల్దారుకు గుర్రం స్వారీ రావాలనే ఆ రూలు మోటార్లు రాకముందుది. ఎప్పుడో కొట్టేసినారు. కానీ యుద్ధం పుణ్యాన పెట్రోలు కరువు. తిరుపతి బస్సులే బొగ్గు గ్యాసుతో దగ్గుకుంటా పోతా ఉండాయి. మళ్ళీ గుర్రాలెక్కాల్సిందే అంటే ఎవరు నమ్మరు?

"ఆ కాగితం ఒకసారి చూడొచ్చా అయ్యా?"

"రహస్యమప్పా! చూపిస్తే నా ఉద్యోగం ఊడుతాది. నీ మేలు కోరి చెప్పినా. ఎవురి దగ్గరా నోరు మెదపొద్దు."

నాకు వంగి దండం పెట్టినాడు. గొర్రె కసాయోణ్ణే నమ్ముతాదని ఊరికే అన్నారా?

మర్నాటి నుంచి నీవా ఏటి ఇసకలో, జట్కా చిన్నబ్బ గుర్రం మీద సాధన. జట్కా గుర్రానికి జీను యాడిది? తోలుతో కుట్టించుకున్నాడు. పెండ్లాం సంతోషమ్మ తన తెల్ల పెండ్లి చీర చించి, దూది కూరి, దాని మీదికి మెత్త కుట్టిచ్చింది. నేను పొద్దున్నే పోయి గట్టు మీద నిలబడి చూసేవాణ్ణి. ఎక్కుతాడు, జారుతాడు, గుర్రం మెడ కావలించుకొని "ప్రభువా" అంటాడు. నవ్వలేక చచ్చినాను. "ఈ వయసులో ఎందుకు సామీ?" అని చిన్నబ్బ అడిగితే, "ఉండాదిలే అబ్బా ఒక పని" అనేవాడు.

పదకొండో దినం పడినాడు. తొడ ఎముక విరిగింది. వాని కేక గట్టు మీదికి వినపడింది. చిన్నబ్బ లేపుతా ఉంటే నేను ఇంటికి పోయి కాఫీ తాగి కచేరీకి పోయినాను.

కలెక్టరు దొరకు నేను రాసిన దాంట్లో ఒక్క అబద్ధం లేదు. జయరావు కాలు విరిగి మంచంలో ఉన్నాడు, ఊర్లు తిరిగే ఉద్యోగానికి పనికిరాడు అని రాసినాను. అల్లుణ్ణి ఖాయం చేసేదాకా యాక్టింగు తహసీల్దారుగా వేసి దొర సంతకం పెట్టినాడు.

గుమాస్తాలు మండిపడినారు. అన్యాయం జరిగింది, వరస కాగితం బయట పెట్టాల అని అర్జీ రాసి జయరావు మంచం దగ్గరికే తీసుకుపోయినారు. వాడు సంతకం పెట్టలేదు. "శిరస్తాదారుగారు నాకు మేలే చేసినారు, నాకే చాతగాలేదు" అన్నాడంట. ఏమి మేలో ఎంత అడిగినా చెప్పలేదంట. ఛీ, కోపం కూడా చాతగాని మనిషి! నా మొగాన ఉమ్మింటే నాకు సుఖంగా ఉండేది.

మూడు నెలలకు కర్ర పట్టుకొని మా ఇంటికి వచ్చినాడు. గంగాధరం కొత్త కోటేసుకొని వసారాలో నిలబడి ఉన్నాడు. జయరావు చంకలో మూట. విప్పితే జీను. తెల్ల మెత్త మీద ఏటి ఇసక ఇంకా అంటుకొనే ఉండాది.

"నాకింగ దీంతో పనిలేదు సామీ. ఖాయం చేసే ముందు అల్లుడుగారికి పరీక్ష ఉండాది కదా. పట్టు లేకుంటే నా మాదిరే అవుతాది. సంతోషమ్మే ఇచ్చి రమ్మనింది."

"ఏం పరీక్ష మామా?" అన్నాడు అల్లుడు.

జయరావు నా మొగం చూసినాడు. అలవాటైన మాటే నోటికొచ్చింది.

"రహస్యం జయరావూ. వానిక్కూడా ఇంకా చెప్పలేదు."

జయరావు గబుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "తప్పయిపోయింది సామీ, మన్నించండి" అని గొంతు తగ్గించి చెప్పి, కుంటుకుంటా మెట్లు దిగిపోయినాడు.