కుడివైపుకే పోయే బంతి

"ఇవాళ పిల్ల ఎక్కడో పడిపోతుందండీ. నాకెందుకో గుండె దడగా ఉంది," అన్నాను, ఆయన బూట్లకు అంటిన మట్టిని పాత బ్రష్షుతో గీకుతూ.

"నీ గుండెకు వేరే పని లేదు. దాని మాట వింటే ఈ ఇంట్లో ఎవరూ గడప దాటక్కర్లేదు," అన్నారు మా ఆయన. బూట్లు అందుకుని అడుగుభాగం వెలుతురులో పెట్టి చూశారు, ఎక్కడైనా మట్టి మిగిలిందేమోనని.

నాకు భయాలెక్కువన్న మాట నిజమే. కుక్కర్ కూత వెయ్యకపోతే పేలుతుందని భయం, బడి బస్సు రాకపోతే బోల్తాపడిందని భయం. కానీ ఈసారిది ఉట్టి భయం కాదు. పిల్ల మెట్లెక్కితే రొప్పుతోంది. సగం అన్నంలో లేచిపోతోంది. కూర్చుంటే కర్ర మింగినట్టు బిగదీసుకుని కూర్చుంటోంది. ఏమిటే అంటే ఏమీ లేదంటుంది. డాక్టరుకు చూపిద్దామంటే ఆయన, "ఎంపిక ముందు దాన్ని రోగిష్టిని చెయ్యకు" అంటారు. మా అత్తగారేమో, "ఆ వయసులో నేను బిందెలు మోశాను" అంటారు. ఈ ఇంట్లో నా నోటి నుంచి వచ్చే ఏ మాటకైనా జవాబు ముందే సిద్ధంగా ఉంటుంది.

పిల్లను ఇంట్లో పిచ్చుక అంటాం. పద్నాలుగేళ్ళు. వచ్చే ఆదివారం గోల్ఫ్ అకాడమీ వాళ్ళ జట్టుకు ఎంపిక జరుగుతుంది. అందులో నెగ్గితే చదువూ, ఆటా, హాస్టలూ అన్నీ వాళ్ళే చూసుకుంటారు. చిన్నప్పుడు గొడుగు తిరగేసి పట్టుకుని నిమ్మకాయలు కొట్టిన పిల్ల అది. ఆ జట్టు తప్ప దానికి వేరే కల లేదు. అన్ని కర్రలూ బాగానే ఆడుతుంది గానీ ఈమధ్య డ్రైవరు మాత్రం లొంగడం లేదు. డ్రైవరంటే అన్నిటికన్నా పొడుగు కర్ర, తల లావుగా ఉంటుంది. మొదటి దెబ్బ, బంతి చాలా దూరం పోవాల్సిన దెబ్బ, దానితోనే కొట్టాలి. మా పిల్ల కొడితే బంతి సగం దూరం తిన్నగా వెళ్ళి, అక్కడేదో గుర్తొచ్చినట్టు కుడివైపుకు తిరిగి చెట్లలోకి పోతుంది.

ఇక చూడండి, దాన్ని బాగుచెయ్యని మగాడు లేడు. ఆ రోజు మైదానంలో నేను మామూలుగానే సంచీ మోసుకుంటూ, నీళ్ళ సీసా పట్టుకుంటూ, ఆయన చెప్పినప్పుడల్లా ఫోనుతో వీడియో తీస్తూ నిలబడ్డాను. పిల్ల వెనక మా ఆయన. "బంతి ఎడమ మడమకు ఎదురుగా పెట్టుకో. కర్రను అంత గట్టిగా బిగించి పట్టుకోకు. ఎడమ చెయ్యి ఛాతీ మీదుగా అడ్డంగా రానియ్. భుజం తిప్పు! భుజం తిరగందే చేతులతో లాగితే పక్కకే పోతుంది." పిల్ల కొట్టింది. కుడివైపుకే. పక్కన ఆడుతున్న పళ్ళ డాక్టరు వచ్చి, "దవడ బిగిస్తోందండీ, దవడ వదిలెయ్యాలి" అన్నాడు. ఆయనకు లోకమంతా దవడే. బ్యాంకు మేనేజరు వచ్చి బంతిని నిలబెట్టడానికి నేలలో గుచ్చే పుల్ల ఇంకొంచెం పైకి ఉండాలన్నాడు. ఆ పుల్లను పైకి పెట్టారు, కిందికి దించారు, పిల్ల చంకలో తుండుగుడ్డ పెట్టి జారకుండా కొట్టమన్నారు. చిన్నపిల్లను మధ్యలో నిలబెట్టి ముగ్గురూ చుట్టూ తిరుగుతుంటే, బండి చెడిపోతే బానెట్ ఎత్తి చూస్తారే, అలా ఉంది. బండిని మాత్రం ఎవరూ నీకెలా ఉందని అడగరు కదా.

నన్నూ ఇలాగే బాగుచేశారు. పెళ్ళయి వచ్చిన మర్నాడే మా అత్తగారు, "అలా రొమ్ము విరుచుకుని నడవకమ్మా, ఇది నీ పుట్టిల్లు కాదు" అన్నారు. వంగి నడిచాను. కొన్నాళ్ళకు ఆయన, "ఏమిటా గూని, నా పక్కన నడిస్తే ముసల్దానిలా ఉన్నావు" అన్నారు. నిటారయ్యాను. గరిటె పట్టుకునే తీరు, నవ్వే తీరు, ఫోన్లో మా అమ్మతో మాట్లాడే తీరు, అన్నీ సరిదిద్దారు. ఇన్నేళ్ళ తర్వాత అద్దంలో చూసుకుంటే అసలు నేను ఎలా నిలబడేదాన్నో నాకే గుర్తులేదు. నాకు పదో తరగతితోనే చదువు ఆగిపోయింది, పెద్ద మాటలు రావు. కానీ ఆ ముగ్గురి మధ్య పిల్ల భుజాలు ముందుకు ముడుచుకుపోతుంటే నాకు కడుపు మండింది. ఫోను పట్టుకునే పిల్లవైపు ఒక అడుగు వేశాను.

"వీడియో కదులుతోంది, సరిగ్గా పట్టుకో!" అన్నారాయన.

అప్పుడే పిల్ల కర్ర వదిలేసి మోకాళ్ళ మీద కూలబడింది. పెదాలు తెల్లగా పాలిపోయాయి. ఆయన "నాటకాలాడకు" అని నోరు తెరిచేలోపు నేను సంచీ కింద పారేసి దాన్ని లేపి ఆడవాళ్ళ గదిలోకి తీసుకుపోయాను. బల్ల మీద పడుకోబెట్టి మెడ దగ్గర బొత్తాం తీశాను. ఇంకోటి తీశాను. నా చెయ్యి ఆగిపోయింది.

లోపల ఛాతీ చుట్టూ మోకాలి పట్టీ చుట్టుకుని ఉంది. కొన్ని వారాలుగా కనపడకుండా పోయిన, మా అత్తగారి మోకాలికి కట్టే సాగే పట్టీ. "ఇంటి ఆడదానికి ఒళ్ళు తెలియకపోతే వస్తువులకు రెక్కలే వస్తాయి" అని ఆవిడ నన్ను ఎన్నిసార్లు దెప్పారో, ఆ పట్టీ ఇదే. బిగించి, లాగి, మళ్ళీ చుట్టి పిన్నీసులు పెట్టుకుంది. నాకు మొదట తోచింది పక్కటెముక విరిగిందనే. ఎవరు కొట్టారే, ఎక్కడ పడ్డావే, చెప్పవే అని ఏడ్చాను. విప్పుతుంటే చర్మం మీద ఎర్రటి వాతలు. పట్టీ ఊడగానే పిల్ల ఎంత గట్టిగా ఊపిరి పీల్చిందంటే, నీళ్ళలోంచి పైకి లేచిన మనిషిలా.

"ఎందుకు కట్టుకున్నావమ్మా?"

పిల్ల తన ఫోను తీసి మా చుట్టాల గ్రూపు తెరిచి చూపించింది. నేను తీసిన వీడియోనే. ఆయన గర్వంగా అందులో పెట్టారు. కింద మా మరిది రాశాడు: "పిల్ల బరువెక్కింది అన్నయ్యా, ఇక బంతేం కనపడుతుంది? అందుకే పక్కకు పోతోంది." దాని కింద ఆ అత్తా, ఈ బాబాయీ, వరసగా పళ్ళికిలించిన బొమ్మలు. అన్నిటికన్నా ముందున్న బొమ్మ పిల్ల తండ్రిది.

సంసారపు చాకిరీలో ఆ గ్రూపు తెరిచి చూసే తీరిక నాకు లేదు. వీడియో తియ్యడానికి నా చేతులు కావాలి, నవ్వడానికి వాళ్ళ నోళ్ళు చాలు. పిల్లకు గ్లవ్ కొన్నారు, మేకుల బూట్లు కొన్నారు, కర్రకు తొడుగు కొన్నారు. పరిగెత్తే ఆడపిల్లలు వేసుకునే మంచి లోదుస్తులు కావాలండీ అంటే మాత్రం, "ఛీ, అవన్నీ నాకెందుకు చెప్తావు" అని పేపరు అడ్డం పెట్టుకున్నారు. కర్రకు తొడుగుంది కానీ పిల్లకు లేదు.

"మానేస్తావా తల్లీ? నీ ఇష్టం. ఎవరూ ఏమీ అనరు. అంటే నేను చూసుకుంటాను," అన్నాను. పిల్ల గోడవైపు తిరిగింది.

పట్టీ చేత్తో పట్టుకుని బయటికొచ్చాను. ఆయన ఆ ఇద్దరికీ పిల్ల బద్ధకం గురించి చెప్తున్నారు.

"భుజం ఎందుకు తిరగలేదో ఇదిగో చూడండి. దీన్ని ఒంటికి బిగించుకుని కొట్టింది మీ కూతురు," అన్నాను.

"ఏమిటిది? ముందు లోపల పెట్టు. నలుగురిలో..."

"మీ తమ్ముడు నలుగురిలోనేగా అన్నాడు? మీరు నలుగురిలోనేగా నవ్వారు?"

"వాడేదో సరదాకి... అయినా దానికి, దీనికి ఏం సంబంధం?"

"మీ కూతుర్ని చూసి మీ తమ్ముడు నవ్వాడు. మీరెందుకు నవ్వారు?"

పళ్ళ డాక్టరుకు ఉన్నట్టుండి తన బంతి గుర్తొచ్చింది. మేనేజరు ఆయన వెనకే పోయాడు. మా ఆయన పట్టీవైపు చూసి, మళ్ళీ నావైపు చూసి, చూపు ఎక్కడ పెట్టాలో తెలియక గడ్డిలో పడ్డ బంతి పుల్లలు ఏరుకున్నారు. నాకు భయం వెయ్యలేదు. ఎందుకు వెయ్యలేదా అని కాసేపు ఆశ్చర్యం వేసింది, అంతే.

దారిలో బజారు దగ్గర, "కారాపండి" అన్నాను. ఆపారు. నేనూ పిచ్చుకా ఆటబట్టల దుకాణంలోకి వెళ్ళాం. అక్కడి అమ్మాయి టేపు తెచ్చి, గొంతు తగ్గించకుండా, సిగ్గుపడకుండా కొలిచి, "చేతులు పైకెత్తు. గెంతు. ఊపిరి బాగా పీల్చు. ఇప్పుడు ఎలా ఉంది?" అని అడిగింది. ఇన్ని వారాల్లో దాన్ని అలా అడిగిన మొదటి మనిషి ఆ అమ్మాయే. పిల్ల అద్దం ముందు చేతులు రెండూ కలిపి, కర్ర లేకపోయినా ఉన్నట్టు, వెనక్కి ఎత్తి ఒక్కసారి తిరిగింది. భుజం మొత్తం తిరిగింది. గడ్డం కిందిదాకా వచ్చింది ఆ భుజం. నేను ఇంకో జత కూడా తీసుకున్నాను.

మేమొచ్చేసరికి ఆయన ఇంజను ఆపకుండా కూర్చుని ఉన్నారు. సగం దారి పోయాక ఆయన గొంతు సవరించుకున్నారు. "సరే, అయిందేదో అయింది. ఆదివారం నేను నీ వెనకాలే నిలబడతాను. ఒక్కొక్కటీ చెప్తాను. నేను చెప్పింది విన్నావంటే బంతి తిన్నగా పోతుంది. ఏమంటావ్?"

పిచ్చుక వెనక సీట్లో దుకాణం సంచీ ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తోంది. మలుపు దాటాం. ఎర్రదీపం దగ్గర ఆగాం. పచ్చదీపం పడి వెనక బండ్లవాళ్ళు హారన్లు కొట్టారు. "నిన్నేనే అడుగుతున్నది" అన్నారాయన. నేను నోరు తెరవబోయి మానుకున్నాను. ఇది నన్నడిగిన ప్రశ్న కాదు. కారు మా వీధిలోకి తిరిగింది. గేటు ముందు ఆగింది. ఆయన తాళంచెవి తిప్పి ఇంజను ఆపారు.

"ఆదివారం ఆడతాను నాన్నా," అంది పిచ్చుక. "అమ్మ వస్తుంది. నువ్వు రావద్దు."