తొంభై తొమ్మిది సంతకాలు

ఆ శుక్రవారం ఇంట్లో లవాన్ అత్త, మెర్ల్ మామయ్య, నాయనమ్మ, నేను ఉన్నాం. వాళ్ళు ముగ్గురూ ఎప్పుడో సంతకాలు పెట్టేశారు. నాకు పదిహేనేళ్ళే కాబట్టి నా సంతకం చెల్లదు.

అత్త రాష్ట్ర ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే ఆడిటర్ పదవికి ఎన్నికల్లో పోటీ చేస్తోంది. బరిలో నిలవాలంటే మా జిల్లా నుంచి వందమంది ఓటర్ల సంతకాలు కావాలి. ఆ కాగితాలు సాయంత్రం ఐదులోగా రాజధానిలో ఇవ్వాలి. అది మూడు గంటల దారి. అప్పటికే ఒంటిగంటన్నర అయింది. మామయ్య ట్రక్కు ఇంజను ఆపకుండానే లోపలికి వచ్చాడు.

దాణా కొట్టు దగ్గర నాలుగు రోజులు నిలబడి మామయ్య నూట నాలుగు సంతకాలు పట్టుకొచ్చాడు. అత్త వాటిని భూతద్దం పెట్టి చూసి, ఎర్ర పెన్సిలుతో ఐదు కొట్టేసింది. తొంభై తొమ్మిది మిగిలాయి.

“డెల్బర్ట్ దస్తూరీ, వాళ్ళావిడ దస్తూరీ ఒక్కటేనా?”

“ఆవిడ చేతిలో కోడిపిల్లల పెట్టె ఉంది లవాన్. తల ఊపింది. నేను చూశాను.”

“తల ఊపితే సంతకం కాదు.”

“నలభై ఏళ్ళుగా ఆవిడ సంతకాలన్నీ ఆయనే పెడుతున్నాడు. మన ఊళ్ళో మొగుళ్ళంతా అంతే కదా.”

“అందుకే ఐదు పోయాయి.”

నాయనమ్మ అల్లుతున్న మేజోడు ఒళ్ళో పెట్టుకుంది. “ఒక్కదాన్ని కొట్టెయ్యకుండా వదిలెయ్యవే. ఎవరు చూస్తారు?”

“నేను చూశాగా అమ్మా.”

“బాగుంది. అవతలివాళ్ళకి పని లేకుండా నిన్ను నువ్వే ఓడించుకో.”

ఆ ఐదుగురు భార్యలూ ఊరికి దూరంగా పొలాల్లో ఉంటారు. దగ్గర్లో సంతకం పెట్టనిది ఎదురింటి ఆర్లిస్ గారొక్కరే. కిందటేడు చర్చి వంటల పోటీలో ఆవిడ చేసిన ‘యాపిల్ పై’ అనే తీపి వంటకంలో పిండి పొర కొట్లో కొన్నదని కనిపెట్టి, అత్త ఆవిడకిచ్చిన మొదటి బహుమతి వెనక్కి తీయించింది. అప్పట్నుంచీ ఆవిడ మా వైపు కిటికీ తెర తీయలేదు.

“నేను వెళ్తే తలుపు తీయదు,” అంది అత్త.

“నేను వెళ్తే తీస్తుంది, కుక్కని వదలడానికి,” అన్నాడు మామయ్య.

“నిన్ను తిట్టడానికి ఆవిడకింకా కారణం దొరకలేదు. వెళ్ళమ్మా,” అని నాయనమ్మ కాగితాల అట్ట నా చేతిలో పెట్టింది.

బడిలో హాజరు పలకడానికే నేను రెండుసార్లు గొంతు సవరించుకుంటాను. రోడ్డు దాటుతూ ఏం చెప్పాలో నాలుగు రకాలుగా అనుకున్నాను. తలుపు తెరుచుకోగానే నాలుగూ మరిచిపోయాను.

“ఒక్కటి తక్కువైందండీ,” అన్నాను.

ఆర్లిస్ గారు అట్ట లాక్కున్నారు. “ఈ ఎర్రగీతలు ఎవరివి?”

“అత్తవేనండీ.”

“తన కాగితం మీద తనే కొట్టేసుకుందా?”

“మొగుళ్ళు పెట్టిన సంతకాలండీ అవి.”

ఆవిడ ఐదు పేర్లూ తీరిగ్గా చదివారు. మా ట్రక్కు హారన్ మోగింది. ఆవిడ తల ఎత్తలేదు.

“గెలిస్తే ఎక్కడుంటుంది?”

“రాజధానిలోనండీ. నాలుగేళ్ళు.”

“చర్చి పోటీలకి వస్తుందా?”

నాకు తెలియదు. “అంత దూరం నుంచి కష్టమేనండీ,” అన్నాను.

ఆవిడ గడప మీదే నిలబడి పేరు, ఇంటి నంబరు, తేదీ ముత్యాల్లా రాశారు. రాసింది ఇంకోసారి సరిచూసుకున్నారు.

“దీన్ని కొట్టెయ్యమను చూద్దాం. ఓటు కూడా వేస్తానని చెప్పు,” అని నా మొహం మీదే తలుపు వేసేశారు.