మొదటి గదిలో నూట పదిహేడు

జనవరి రెండో గురువారం మధ్యాహ్నం ఒంటిగంటకు, గోర్ అనే ఊరి దగ్గర మక్‌ఫెయిల్ కుటుంబం ఏటా జరిపే పొట్టేళ్ల వేలంలో, మొదటి గదిలోని పొట్టేలుకు ఒక్క పాట కూడా రాలేదు. ఆ షెడ్డులో అలా జరగడం అదే మొదటిసారి.

మొదటి గది అంటే పెంచినవాడు నలుగురిలో ఇచ్చే మాట. ఈ ఏడు నా మందలో దీన్ని మించింది లేదని చెప్పడం.

ఆ రోజు పొద్దున కర్‌స్టీ మక్‌ఫెయిల్ షెడ్డులోకి వచ్చేసరికి ఆ గదిలో వేరే పొట్టేలు ఉంది. తను పెట్టిన నూట పదిహేడో నంబరు పొట్టేలు చివరి గదిలో ఉంది. ఆమె బాబాయ్ ఫర్గస్ దాని తలుపుకు గడియ పెడుతున్నాడు.

“ఎవరు మార్చారు?”

“నేనే. గుమ్మంలో అడుగు పెట్టగానే పిల్లిలా ఉన్న ఈ బక్కోడు కనబడితే జనం టీ కూడా తాగకుండా పోతారమ్మాయ్.”

“వాడు తొలిచూలు గొర్రెకి ముగ్గురిలో ఒకడిగా పుట్టాడు. రెండు చన్నులు, మూడు మూతులు. నువ్వు పెట్టినవాడు ఒంటిపిల్ల. తల్లి పాలన్నీ వాడొక్కడే తాగాడు. ఆ పాలు కూడా కొనేవాడి ఇంటికి పోతాయా బాబాయ్?”

“నలభై ఏళ్లుగా వీపు మీద చెయ్యేసి ఎంచుతున్నాను.”

“కండ ఎంతుందో నీ చెయ్యి చెప్తుంది. తింటే మెత్తగా ఉంటుందో లేదో చెప్తుందా? అది తెలియాలంటే కొయ్యాలి. కోశాక మందలోకి దేన్ని వదులుతావ్, తోలునా?”

ఫర్గస్ గడియను ఇంకోసారి గట్టిగా నొక్కాడు.

మూడేళ్లుగా కర్‌స్టీ పుట్టిన ప్రతి పిల్ల చెవి నుంచి చిటికెడు ముక్క తీసి పరీక్షశాలకు పంపుతోంది. అక్కడ వేల గొర్రెలను కోసి, మాంసం రుచి చూసి, తూకం వేసి, వాటి డీఎన్ఏ పక్కన రాసిపెట్టారు. బతికున్న పిల్ల డీఎన్ఏను దానితో పోల్చి, దాని సంతానం మాంసం ఎలా ఉండబోతుందో అంచనా కడతారు. పుట్టినప్పుడు ఎందరితో పుట్టింది, తల్లి వయసెంత అన్నవి లెక్కలోంచి తీసేస్తారు. మక్‌ఫెయిల్ మందలో ఇప్పటిదాకా వచ్చిన అంచనాల్లో నూట పదిహేడుదే అన్నిటికన్నా పైన.

“పాట రాకపోతే?” అన్నాడు ఫర్గస్.

“రాకపోతే చూద్దాం.”

“చూసేదేముంది? సోమవారం కబేళా లారీ ఎక్కుతాడు. పరాయివాడు వద్దన్నదాన్ని మన గొర్రెల మీదికి వదలం. ఆ నియమం నేనూ మీ నాన్నా కలిసి పెట్టుకున్నది.”

కర్‌స్టీ గడియ తీసి నూట పదిహేడును మొదటి గదికి తోలుకుపోయి, అక్కడున్న ఒంటిపిల్లను రెండో గదిలో పెట్టింది. అప్పటికే వచ్చినవాళ్లు చీజ్ రోల్స్ తింటూ చూస్తున్నారు.

పక్క పొలం లాకీ డుగన్ గదిలోకి వంగి దాని వీపు తడిమాడు. ఇరవై ఏళ్లుగా ఇక్కడే కొంటున్నాడు.

“ఏమ్మా, మిగతా సగం ఎక్కడ పెట్టావ్?”

“చెవిలో ఉంది లాకీ.”

“అయితే చెవి ఒక్కటే అమ్ము, కొంటాను.”

షెడ్డంతా నవ్వింది. వేలందారు వెయ్యి డాలర్ల దగ్గర మొదలుపెట్టాడు. ఎనిమిది వందలన్నాడు. ఐదు వందలన్నాడు. ఒక్కరూ చెయ్యెత్తలేదు. అతను కర్‌స్టీ వైపు చూశాడు.

“ఇంకా దించమంటావా?”

“దించకు. ఎవరూ పాడలేదని గట్టిగా చెప్పి ముందుకు పో.”

అతను చెప్పాడు. రెండో గదిలోని ఒంటిపిల్లను లాకీ పోటీపడి పాడుకున్నాడు.

సోమవారం లారీ వచ్చింది. అమ్ముడుపోని ఐదు పొట్టేళ్లలో నాలుగు ఎక్కాయి. ఐదోదాని మెడకు తాడు కట్టి పట్టుకుని కర్‌స్టీ నిలబడింది.

“వీడు ఎక్కడు.”

“నియమం మీ నాన్నది కూడానే తల్లీ,” అన్నాడు ఫర్గస్.

“అమ్ముడుపోనిది చెడ్డదని తేల్చిందెవరు? లాకీ చెయ్యా? ఆ చేతికి పాలు తెలుస్తాయి, మాంసం తెలియదు.”

“నా గొర్రెల్లోకి రానివ్వను.”

“రానివ్వకు. నాన్న వాటాగా వచ్చిన సగం నాది. నా తొంభై గొర్రెలకీ వీడొక్కడే.”

“ఒక్కడేనా? పొట్టేలు పని చెయ్యకపోతే నీకు ఏడాది మొత్తం పిల్లలుండవు. ఇంకొకణ్ని తోడు వదులు.”

“తోడు వదిలితే పిల్లల్ని చూసి నీ పెద్ద పొట్టేలుకి పుట్టినవే అంటావ్. ఒక్కడే.”

లారీ డ్రైవర్ ఇంజిన్ ఆపలేదు. “నాకింకా మూడు పొలాలున్నాయి. ఎక్కిస్తారా, లేదా?”

ఫర్గస్ లారీ వెనక తలుపు వేశాడు. లారీ వెళ్లిపోయింది.

మార్చిలో కర్‌స్టీ కొండవాలు బీడుకు అడ్డంగా కంచె వేసింది. మక్‌ఫెయిల్ మంద రెండు కావడం అంతకుముందు ఎప్పుడూ లేదు. ఏప్రిల్ మొదట్లో నూట పదిహేడు రొమ్ముకు పట్టీ బిగించి, దానికి ఎర్ర రంగు సుద్ద తగిలించి, గొర్రెల్లోకి వదిలింది. పొట్టేలు ఎక్కిన గొర్రె నడుము మీద ఆ రంగు పడుతుంది.

వారం తర్వాత లాకీ కంచె దగ్గర బండి ఆపాడు.

“పెద్ద గొర్రెల్ని అందుకోవడానికి వాడికి పీట గానీ వేశావా?”

“దిగి చూడు.”

లాకీ దిగాడు. దగ్గరున్న గొర్రెల్లో సగానికి నడుములు ఎర్రగా ఉన్నాయి.

“సరే, పని చేస్తాడు. నీ మెత్తటి మాంసం సంగతి చూడాలిగా.”

“చూద్దువు గానీ. వచ్చే ఏడు కాక ఆ పై జనవరికి రా. మొదటి గదిలో వీడి కొడుకు ఉంటాడు. అప్పుడు చెవి ఒక్కటే అడిగితే అమ్మను.”

పదిహేడు రోజులకు కర్‌స్టీ ఎర్ర సుద్ద తీసి నీలం సుద్ద పెట్టింది. మొదటిసారి చూలు కట్టని గొర్రె మళ్లీ ఎదకు వస్తుంది, అప్పుడు ఎరుపు మీద నీలం పడుతుంది. ఆ వారాల్లో ఫర్గస్ తన వైపు కంచె దాకా వస్తూ ఉన్నాడు. అటువైపు అడుగు పెట్టలేదు.

మే రెండో ఆదివారం పొద్దున తొంభై గొర్రెలనూ కర్‌స్టీ కంచె పక్కనుంచి ఒక్కొక్కటిగా నడిపించింది. ఫర్గస్ అవతల నిలబడి లెక్కపెట్టాడు. ఎరుపు తొంభైకీ ఉంది. మళ్లీ ఎదకు వచ్చి నీలం పడినవి నాలుగే.